క్రూయిజర్ కొనాలంటే ముందు కాళ్ల సంగతి చూడండి

క్రూయిజర్ కొనాలనుకునేవాళ్లు మొదట అడిగేది ఎన్ని సీసీ అని. తర్వాత మైలేజీ, ఆ తర్వాత సౌండ్. సుఖంగా ఉంటుందా అని మాత్రం ఎవరూ అడగరు, క్రూయిజర్ అంటేనే సుఖమని అందరి నమ్మకం కాబట్టి. సీటు కిందికి ఉంటుంది, హ్యాండిల్ వెనక్కి వంగి చేతికి అందుతుంది, కాళ్లు ముందుకు చాపుకోవచ్చు. షోరూమ్‌లో స్టాండ్ మీదున్న బండెక్కితే దిగబుద్ధి కాదు. కానీ అక్కడ మనకు తెలిసేది మొదటి ఐదు నిమిషాల సుఖమే. రెండో గంటలో నడుం ఏమంటుందో రోడ్డెక్కితే గానీ తెలియదు. దాన్ని తేల్చడంలో ఇంజిన్ సైజుకీ, సీటు మెత్తదనానికీ ఉన్న వాటా మనం అనుకున్నంత పెద్దది కాదు. ఫుట్‌రెస్టులు ఎక్కడున్నాయన్నదే ముందు చూడాలి. మిగతావన్నీ దాని తర్వాతే.

ఇంజిన్ ఒకటే, కూర్చునే తీరు వేరు

ఈ మాట నమ్మడం కష్టమైతే రాయల్ ఎన్‌ఫీల్డ్ బళ్లను పక్కపక్కన పెట్టి చూడండి. అదే 349 సీసీ సింగిల్ సిలిండర్ ఇంజిన్ మీటియర్ 350లోనూ ఉంది, క్లాసిక్ 350లోనూ ఉంది. రెండింటిలోనూ శక్తి దాదాపు 20 హార్స్‌పవర్, టార్క్ 27 న్యూటన్ మీటర్లు. బరువులోనూ పెద్ద తేడా లేదు, మీటియర్ 191 కేజీలు, క్లాసిక్ 195. అయితే మీటియర్ సీటు నేల నుంచి 765 మి.మీ. ఎత్తులో ఉంటే, క్లాసిక్ సీటు 805. మీటియర్ మీద పాదాలు మోకాళ్లకంటే కాస్త ముందుకు వెళ్తాయి. క్లాసిక్ మీద మామూలు బండిలాగే ఒంటికి కిందుగా ఉంటాయి. ఒకే రోజు రెండింటినీ ఒకే దారిలో నడిపితే, ఇంజిన్ ఒకటే అయినా ఒంటికి రెండు వేర్వేరు బళ్లు.

పెద్ద ఇంజిన్లలోనూ ఇదే కథ. సూపర్ మీటియర్ 650, షాట్‌గన్ 650 రెండింటిదీ 648 సీసీ ట్విన్ సిలిండర్ ఇంజిన్. బరువు ఒకటి 241 కేజీలు, ఇంకోటి 240. సూపర్ మీటియర్‌లో సీటు 740 మి.మీ. ఎత్తులోనే ఉండి కాళ్లు బాగా ముందుకు చాపాలి. షాట్‌గన్‌లో సీటు 795, కాళ్లు మధ్యలో. ఇంటర్నెట్‌లో ఈ రెండింటినీ పోల్చేవాళ్లు రంగుల గురించి, సైలెన్సర్ల గురించి గంటలు గంటలు మాట్లాడతారు. కొనేవాడి నడుముకు అక్కరకొచ్చే తేడా మాత్రం పాదాలు ఆనే చోటే.

పేరు చూసి మోసపోయేవాళ్లూ ఉన్నారు. హార్లే డేవిడ్సన్ అనగానే క్రూయిజర్ అని కళ్లు మూసుకుని అనేస్తాం. ఆ పేరుతో వచ్చిన ఎక్స్440 సీటు 805 మి.మీ. ఎత్తు, పాదాలు మధ్యలో, హ్యాండిల్ వెడల్పు. మంచి రోడ్‌స్టర్ అది, అంటే మామూలుగా నిటారుగా కూర్చుని నడిపే బండి. కాళ్లు చాపుకుని వెళ్దామని కొంటే మాత్రం నిరాశే.

కాళ్లు ముందుకా, మధ్యలోనా

కాళ్లు ముందుకు చాపితే మోకాళ్లకు హాయి. ఎక్కువగా వంచాల్సిన పని లేదు కాబట్టి పొడుగు మనుషులకూ, మోకాలు పట్టేసేవాళ్లకూ ఈ పద్ధతి బాగా నప్పుతుంది. నున్నటి రోడ్డు మీద, గంటకు 70, 80 కిలోమీటర్ల వేగంలో పోతుంటే ఇంతకంటే హాయి లేదనిపిస్తుంది.

దీనికి చెల్లించే మూల్యం రెండు చోట్ల కనిపిస్తుంది. మొదటిది గుంతల దగ్గర. పాదాలు ఒంటికి కిందుగా ఉన్న బండి మీద గుంత కనబడగానే ఫుట్‌రెస్టుల మీద బరువు మోపి సీటు నుంచి అంగుళం పైకి లేస్తాం. ఎప్పుడు లేచామో మనకే తెలియదు, అంత అలవాటు. ఆ అంగుళంలో దెబ్బ మోకాళ్లకు పోతుంది, వెన్నుకు తగలదు. కాళ్లు ముందుకున్నప్పుడు అలా లేవడం కుదరదు. లేవాలంటే హ్యాండిల్ పట్టుకుని ఒంటిని పైకి లాక్కోవాలి, అంత వ్యవధి ఉండదు. ఒంటి బరువంతా పిర్రల మీదా, వెన్ను చివరి ఎముక మీదా ఉంటుంది, గుంత దెబ్బ అక్కడే తగులుతుంది. నడుం నొప్పి ఉన్నవాళ్లు క్రూయిజర్ కొంటే సుఖమని ఎవరో చెప్పగా ఇలాంటి బండి కొని బాధపడటం మామూలే.

రెండోది గాలి. వెనక్కి వాలి, చేతులు చాపి కూర్చుంటే గాలంతా ఛాతీకి నేరుగా కొడుతుంది. గాలి తోపు వేగంతో పాటు సమానంగా పెరగదు, వేగం వర్గంలో పెరుగుతుంది. 70 నుంచి 100కి వెళ్తే తోపు దాదాపు రెట్టింపవుతుంది. పాదాలు వెనకో మధ్యలోనో ఉంటే ఒంటిని కాస్త ముందుకు వంచి గాలి మీదికి వాలొచ్చు. పాదాలు ముందుంటే ఆ ఆసరా లేదు, వెనక్కి పడకుండా హ్యాండిల్‌ను పట్టుకుని వేలాడాలి. అందుకే హైవే మీద ఇలాంటి బండి దిగేసరికి చాలామందికి ముందు నొప్పెట్టేది నడుం కాదు, భుజాలూ మెడా. దీనికి విండ్‌స్క్రీన్ మందే, కానీ దాని సంగతి తర్వాత.

మధ్యలో ఫుట్‌రెస్టులున్న క్రూయిజర్లు కూడా ఉన్నాయి. హోండా రెబెల్ 500 వాటిలో బాగా పేరున్నది, కవాసకి ఎలిమినేటర్ ఇంకొకటి. వీటి మీద కూర్చుంటే ఫొటోలో ఆ దర్జా ఉండదు. మోకాళ్లు కాస్త ఎక్కువ వంగుతాయి, పొడుగు మనిషికి ఇరుకనిపిస్తుంది. కానీ మలుపుల్లో, ట్రాఫిక్‌లో, గతుకుల్లో బండి మన చెప్పుచేతల్లో ఉంటుంది. ఎత్తు తక్కువగా ఉన్నవాళ్లు, బండి పని రోజూ ఉన్నవాళ్లు ముందు వీటిని చూడటం మంచిది. నా వరకు నన్నడిగితే, మొదటి క్రూయిజర్ కొనేవాళ్లలో ఎక్కువమందికి మధ్యలో ఫుట్‌రెస్టులున్న బండే సరిపోతుంది. ముందుకు చాపే బండి మోజు ఫొటోలు చూసి పుట్టేదే తప్ప అనుభవంతో పుట్టేది కాదు.

ఎటూ తేల్చుకోలేకపోతే కవాసకి వల్కన్ ఎస్ ఒకసారి చూడండి. అందులో ఫుట్‌రెస్టులను మూడు చోట్ల బిగించుకోవచ్చు, మధ్య స్థానం నుంచి 25 మి.మీ. ముందుకు గానీ, 25 మి.మీ. వెనక్కి గానీ. సీట్లూ హ్యాండిళ్లూ కూడా మనిషి కొలతను బట్టి వేరువేరుగా ఉన్నాయి. 25 మి.మీ. అంటే ఒక అంగుళమే కదా అనిపిస్తుంది. తొడ సీటు అంచుకు ఒత్తుకుపోవడానికీ, ఒత్తుకుపోకుండా ఉండటానికీ ఆ అంగుళం చాలు. ఈ సర్దుబాటు కంపెనీయే ఇవ్వడం అరుదు, మిగతా కంపెనీలు దీన్ని ఎందుకు పట్టించుకోలేదో నాకు అర్థం కాదు.

గతుకుల రోడ్డు లెక్క

సీటు కిందికి దించాలంటే ఎక్కడో ఒకచోట కోత పెట్టాలి. చాలా క్రూయిజర్లలో ఆ కోత వెనక సస్పెన్షన్ మీద పడుతుంది. సూపర్ మీటియర్ 650లో వెనక చక్రం పైకీ కిందికీ కదిలే దూరం 101 మి.మీ. వల్కన్ ఎస్‌లో దాదాపు 80 మాత్రమే. పోలికకు గతుకుల దారుల కోసం చేసిన అడ్వెంచర్ బండి హిమాలయన్ 450 చూస్తే ముందూ వెనకా 200. లోతైన గుంత ఎదురైతే ఈ తేడాను ఏ సీటూ పూడ్చలేదు. కాబట్టి మీరు రోజూ వెళ్లే దారి గుంతలమయమైతే, సుఖం కోసమే క్రూయిజర్ వెతుకుతున్నట్టయితే, నిజానికి మీకు కావలసింది అడ్వెంచర్ బండి కావచ్చు. సీటు ఎత్తు 800 దాటినా నడుం ఇబ్బంది పడదు. కాళ్లు నేలకు ఆనవని భయమున్నవాళ్లకు ఈ మాట రుచించదని తెలుసు.

గ్రౌండ్ క్లియరెన్స్, అంటే బండి అడుగుకూ నేలకూ మధ్య ఎత్తు, కూడా అడగాలి. మీటియర్ 350కి 170 మి.మీ. ఉంటుంది కాబట్టి ఎత్తైన స్పీడ్ బ్రేకర్లు పెద్దగా బాధించవు. సూపర్ మీటియర్‌కి 135, వల్కన్ ఎస్‌కి 130, రెబెల్ 500కి 125. చక్రాల మధ్య దూరం ఎక్కువగా ఉన్న పెద్ద బండికి వెనక ఒక మనిషి ఎక్కితే ఆ 135 ఇంకా తగ్గుతుంది, స్పీడ్ బ్రేకర్ మీద కింద ఏదో గీరుకున్న చప్పుడు వినబడుతుంది.

టెస్ట్ రైడ్‌లో సస్పెన్షన్ తెలుసుకోవడానికి ఒక స్పీడ్ బ్రేకర్ చాలు. 25, 30 వేగంలో నేరుగా వెళ్లండి, బ్రేక్ వదిలేసి, నడుం నిటారుగా పెట్టి. వెనక చక్రం దిగేటప్పుడు ఒక్క దెబ్బ తగిలి బండి కుదురుకుంటే సస్పెన్షన్ పనిచేస్తున్నట్టే. ఇనుము ఇనుముకు కొట్టుకున్నట్టు ఠంగుమంటే స్ప్రింగ్ చివరిదాకా పోయిందని అర్థం. సీటు మళ్లీ మళ్లీ ఊగితే డ్యాంపింగ్, అంటే స్ప్రింగ్ ఊపును ఆపే శక్తి, చాలడం లేదు. ఠంగుమనేదాన్ని కొంతవరకు సరిచేయొచ్చు, వెనక షాక్ అబ్జార్బర్ల కింద ఉండే ప్రీలోడ్ రింగును (స్ప్రింగును ముందే కాస్త నొక్కి ఉంచేది) బండితోపాటు వచ్చే స్పానర్‌తో ఒకటి రెండు మెట్లు తిప్పితే బండి కాస్త పైకి లేచి నిలబడుతుంది. ఊగేదాన్ని మాత్రం షాక్ అబ్జార్బర్లు మారిస్తే తప్ప ఏమీ చేయలేం. వెనక మనిషిని ఎక్కించుకుని తిరిగేవాళ్లు ఆ రింగును ముట్టుకోకుండానే ఏళ్లకేళ్లు గడిపేస్తారు, సర్వీసుకు ఇచ్చినప్పుడైనా అడిగి చేయించుకోవడం మంచిది.

బరువు కదిలే బండిలో తెలియదు

పోతున్నప్పుడు 240 కేజీల బండి కూడా తేలిగ్గానే ఉంటుంది. ఇబ్బందంతా ఆగినప్పుడే. అందుకని షోరూమ్‌లో ఇంజిన్ స్టార్ట్ చేసే ముందే ఈ పరీక్ష చేయండి. న్యూట్రల్‌లో పెట్టి, సీటు మీద కూర్చుని, కాళ్లతో నేలను తంతూ బండిని వెనక్కి నెట్టండి. నేల కాస్త వాలుగా ఉంటే ఇంకా మంచిది. తర్వాత దిగి పక్కన నిలబడి, హ్యాండిల్ పూర్తిగా ఒకవైపు తిప్పి నెట్టి చూడండి. సైడ్ స్టాండ్ మీద నుంచి నిలబెట్టేటప్పుడు నడుం పట్టేస్తుందేమో చూసుకోండి. ఇంటి ముందు ఇరుకు చోట రోజూ చేయాల్సిన పని ఇదే. సేల్స్‌మన్ నవ్వితే నవ్వనివ్వండి.

సీటు ఎత్తు అంకె ఒక్కటీ చూసి నిర్ణయించకూడదు, వెడల్పు కూడా చూడాలి. వెడల్పు సీటు తొడలను పక్కలకు తోసేస్తుంది, కాలు నేలకు చేరేలోగా రెండు మూడు అంగుళాలు పోతాయి. రెబెల్ 500 సీటు ఎత్తు 690 మి.మీ., ముందుభాగం సన్నగా ఉంటుంది, బండి 191 కేజీలు. పొట్టివాళ్లు కూడా రెండు పాదాలూ నేలకు పూర్తిగా ఆనించగలరు. బజాజ్ అవెంజర్ క్రూయిజ్ 220 బరువు 163 కేజీలే, సీటు 737. కొత్తగా నేర్చుకునేవాళ్లకు, వయసు పైబడినవాళ్లకు ఇంత తేలిక బండి ఇచ్చే ధీమా ఇంకేదీ ఇవ్వదు. శక్తి దాదాపు 19 హార్స్‌పవర్, దానితో హైవే రికార్డులేవీ బద్దలవవు, ఆ ఆశ పెట్టుకోకపోతే చాలు. ఎలిమినేటర్ 451 సీసీ ట్విన్ అయినా 180 కేజీల లోపే ఉంటుంది. ఈ కొలతల్లో ట్విన్ సిలిండర్ కావాలనుకునేవాళ్లకు దాన్ని మించిన తేలికైనది దొరకడం కష్టం.

మరోవైపు హార్లే టూరింగ్ బళ్లు 360 కేజీల పైచిలుకు. అవి కూర్చుంటే సోఫా, నిజమే, కానీ ఆ సోఫాను పార్కింగ్‌లో వెనక్కి లాగాల్సింది మనమే. హోండా గోల్డ్‌వింగ్ టూర్‌లో వెనక్కి నడిచే ఏర్పాటు పెట్టారంటే సరదాకి కాదు.

మీరు నడిపే వేగంలో ఇంజిన్ ఎలా ఉంటుంది

సింగిల్ సిలిండర్ ఇంజిన్ రెండు సార్లు తిరిగితే ఒక్కసారి పేలుతుంది. ఆ దడదడే చాలామందికి ఇష్టం, అందులోనే బండికి ప్రాణం ఉందంటారు. పాత ఎన్‌ఫీల్డ్‌లతో పోలిస్తే మీటియర్ ఇంజిన్‌లో వైబ్రేషన్‌ను తగ్గించే బ్యాలెన్సర్ షాఫ్ట్ ఉంది, కాబట్టి 80, 90 దాకా చేతులకు తెలిసేది చాలా తక్కువ. వంద దాటించి గంటల తరబడి నడపాలనుకుంటే మాత్రం ఆ 20 హార్స్‌పవర్‌కి ఊపిరి చాలదు. ఓవర్‌టేక్ చేయడానికి ముందే లెక్కలేసుకోవాలి.

ట్విన్ సిలిండర్ బళ్లలో మళ్లీ రెండు రకాలు. పిస్టన్లు తిప్పే ఇరుసును క్రాంక్ అంటారు, దాని మీద రెండు పిస్టన్లను ఎంత కోణంలో అమర్చారన్నదే తేడా. రెబెల్ 500, వల్కన్ ఎస్, ఎలిమినేటర్‌లలో 180 డిగ్రీల క్రాంక్ ఉంటుంది, ఇంజిన్ నున్నగా, చకచకా తిరుగుతుంది, శబ్దంలో దర్జా తక్కువ. సూపర్ మీటియర్ 650లో, రెబెల్ 1100లో 270 డిగ్రీల క్రాంక్. పేలుళ్ల మధ్య వ్యవధి 90 డిగ్రీల వి-ట్విన్‌లో (రెండు సిలిండర్లు V ఆకారంలో ఉండే ఇంజిన్‌లో) లాగే ఉంటుంది, అందువల్ల దాన్ని తలపించే చప్పుడు వస్తుంది. ఈ పద్ధతి వచ్చాక వి-ట్విన్ బరువు మోయకుండానే ఆ లయ దొరుకుతోంది. సౌండ్ మీద మోజున్నవాళ్లు సైలెన్సర్ మార్చడానికి ముందు ఈ తేడా వినాలి.

సూపర్ మీటియర్ దాదాపు 47 హార్స్‌పవర్, 52 న్యూటన్ మీటర్ల పైచిలుకు టార్క్ ఇస్తుంది. 110 వేగంలో దానికి ఆయాసం ఉండదు. వల్కన్ ఎస్ శక్తి 60 హార్స్‌పవర్ దరిదాపుల్లో ఉంటుంది, ఆపైన ట్రయంఫ్ స్పీడ్‌మాస్టర్ 1200 సీసీ, ఇండియన్ స్కౌట్, హార్లే సాఫ్ట్‌టెయిల్‌లు. ఆ స్థాయిలో శక్తి గురించి బెంగ అక్కర్లేదు, వేడి గురించే బెంగ. పెద్ద వి-ట్విన్ మీద కూర్చుని సిగ్నల్ దగ్గర ఆగితే వెనక సిలిండర్ వేడి కుడి తొడకు తగులుతుంది. ఎండాకాలం ట్రాఫిక్‌లో నడిపేవాళ్లు మధ్యాహ్నం పూట టెస్ట్ రైడ్ అడగాలి, పొద్దున్నే కాదు.

వైబ్రేషన్ తెలుసుకోవడానికి అద్దాలు చూడండి. మీరు ఎక్కువగా నడిపే వేగంలో టాప్ గేర్‌లో పోతూ, వెనకొచ్చే కారు నంబర్ ప్లేటు అద్దంలో కుదురుగా కనిపిస్తోందా అని గమనించండి. మసకగా ఊగితే ఆ వేగం ఆ ఇంజిన్‌కు నప్పదు. రెండు గంటలకు వేళ్లు తిమ్మిరెక్కుతాయి. గ్రిప్పులు మార్చి దాన్ని సరిచేయాలని చూసేవాళ్లున్నారు, కాస్త ఉపశమనమే గానీ తగ్గదు.

క్లచ్ నొక్కీ నొక్కీ ఎడమ చేయి నొప్పెట్టేవాళ్లకు రెబెల్ 1100లో డీసీటీ గేర్‌బాక్స్ (క్లచ్ పని బండే చేసుకునేది) ఉన్న రకం ఉంది, క్లచ్ లివరే ఉండదు. కీళ్ల నొప్పులున్నవాళ్లు దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు.

బ్రేకుల విషయంలో ఒక అలవాటు మార్చుకోవాలి. క్రూయిజర్‌కు చక్రాల మధ్య దూరం ఎక్కువ, నడిపేవాడి బరువు వెనక్కి ఉంటుంది. అందుకే మామూలు బండిమీద కంటే ఇక్కడ వెనక బ్రేక్ ఎక్కువ పనిచేస్తుంది. పాదాలు ముందుకు చాపిన బండిలో ఆ పెడల్ కూడా ముందుకే ఉంటుంది, కాలు ఎత్తి పెట్టాలా, మడమ ఆనించే తొక్కొచ్చా అని టెస్ట్ రైడ్‌లోనే చూసుకోవాలి. ఎత్తి పెట్టాల్సి వస్తే అత్యవసరంలో అర సెకను పోతుంది. క్రాష్ గార్డుకు అదనపు ఫుట్‌రెస్టులు బిగించుకుని కాళ్లు ఇంకా ముందుకు చాపేవాళ్లకైతే అర సెకను కాదు, అంతకంటే ఎక్కువే.

గాలి, సీటు, వెనక కూర్చునేవాళ్లు

విండ్‌స్క్రీన్ ఎత్తుగా ఉంటేనే మంచిదనుకోవడం పొరపాటు. పై అంచు ముక్కు ఎత్తుకు కాస్త కింద ఉండి, దాని మీద నుంచి రోడ్డు కనబడాలి. మరీ పొట్టిదైతే అంచు దాటిన గాలి సుడులు తిరుగుతూ హెల్మెట్‌కు తగిలి తల ఊగుతుంది. మరీ ఎత్తయితే వాన పడినప్పుడు, రాత్రి ఎదురు లైట్లు పడినప్పుడు ఆ ప్లాస్టిక్ గుండానే చూడాలి. మీ హెల్మెట్టే పెట్టుకుని పరీక్షించండి, షోరూమ్ వాళ్లిచ్చే హెల్మెట్‌తో తేలదు.

సీటు గట్టిగా ఉందని వెంటనే కొట్టిపారేయకండి. మెత్తటి ఫోమ్ మొదట హాయిగా ఉన్నా గంటకల్లా అణగారిపోతుంది, పిర్రల ఎముకలు కింది ప్లేటుకు తగులుతున్నట్టుంటుంది. కాస్త గట్టిగా, వెడల్పుగా, వెనక కొంచెం ఎత్తుగా ఉన్న సీటే దూరానికి పనికొస్తుంది. సీటు బాగోకపోతే బండిని వదులుకోవాల్సిన పని లేదు, సీటు కుట్టేవాళ్లు ఫోమ్ మార్చి ఇస్తారు. ఫుట్‌రెస్టులు బాగోకపోతే మాత్రం తర్వాత మార్చడం పెద్ద పని, బ్రేకూ గేరూ లింకులన్నీ కదపాలి.

వెనక కూర్చునే మనిషి విషయం చాలామంది బండి ఇంటికి వచ్చాకే ఆలోచిస్తారు. చాలా క్రూయిజర్లలో వెనక సీటు అరచేయి వెడల్పే. మొగుడూ పెళ్లాలిద్దరూ తిరగడానికే బండి అయితే ఇద్దరూ కలిసి వెళ్లి టెస్ట్ రైడ్ చేయాలి. అవెంజర్ క్రూయిజ్ లాంటి వాటికి బ్యాక్‌రెస్ట్ బండితోనే వస్తుంది, మీటియర్‌లో రకాన్ని బట్టి ఉంటుంది. బ్యాక్‌రెస్ట్ ఉందంటే వెనకవాళ్లు ముందువాళ్ల భుజం పట్టుకుని వేలాడరు, అది నడిపేవాడికీ సుఖమే.

ఎవరికి ఏది

ఊళ్లో రోజువారీ తిరుగుళ్లూ, అప్పుడప్పుడూ వంద కిలోమీటర్ల ప్రయాణమూ అయితే మీటియర్ 350 చాలు, పెద్ద ఇంజిన్ కోసం అప్పు చేయక్కర్లేదు. ఎత్తు తక్కువ, బలం తక్కువ అనుకునేవాళ్లకు అవెంజర్, ఇంకాస్త ఇంజిన్ కావాలంటే రెబెల్ 500 గానీ ఎలిమినేటర్ గానీ. రెబెల్ ట్యాంకు 11.2 లీటర్లే, దూరం వెళ్లేవాళ్లు పెట్రోల్ బంకుల లెక్క చూసుకుంటూ పోవాలి. మంచి హైవే మీద తరచూ వందల కిలోమీటర్లు పోయేవాళ్లకు సూపర్ మీటియర్ 650 గానీ వల్కన్ ఎస్ గానీ. ఆరడుగుల మనిషికి, మోకాళ్లు మడవలేనివాళ్లకు సూపర్ మీటియర్ వైపే నా ఓటు. నడుం నొప్పి ఉన్నవాళ్లకు వీటిలో ఏదీ కాదు, క్లాసిక్‌లాగా నిటారుగా కూర్చునే బండి చూసుకోవడం మేలు. వెయ్యి సీసీ దాటిన బళ్లు రెండో క్రూయిజర్‌గా కొనాలి గానీ మొదటిదిగా కాదు.

కొన్నాక

చైన్ ఉన్న బండికి ఐదారు వందల కిలోమీటర్లకోసారి శుభ్రం చేసి లూబ్ కొట్టాలి. వానలో తడిస్తే ఇంకా ముందే. హార్లే పెద్ద బళ్లు, ఇండియన్ స్కౌట్ వంటి వాటికి చైన్ బదులు బెల్ట్ ఉంటుంది, లూబ్ బాధ లేదు, చప్పుడు లేదు. కాకపోతే రాయి ఇరుక్కుంటే బెల్ట్ దెబ్బతింటుంది, మార్చడం చైన్ మార్చినంత తేలిక కాదు. చైన్ బదులు ఇనుప షాఫ్ట్‌తో వెనక చక్రం తిరిగే మోటో గుజ్జీలకు ఆ రెండు బాధలూ లేవు, బరువు మాత్రం పెరుగుతుంది.

స్పోక్ చక్రాలు అందంగా ఉంటాయి, చాలా వాటిలో ట్యూబు ఉంటుంది. పంక్చర్ పడితే చక్రం ఊడదీయాలి, 240 కేజీల బండికి అదీ సెంటర్ స్టాండ్ లేకుండా. అల్లాయ్ చక్రం, ట్యూబ్‌లెస్ టైరు ఉంటే చిన్న కిట్‌తో రోడ్డు పక్కనే పని అయిపోతుంది. దూరాలు పోయేవాళ్లు ఇక్కడ అందం కోసం పట్టుబట్టకూడదు.

సెకండ్ హ్యాండ్ తీసుకునేవాళ్లు ముందు ఫుట్‌రెస్టుల కింది వైపు చూడండి. క్రూయిజర్ మలుపులో కాస్త వాలిస్తే ఆ చివరలు నేలకు రాసుకుంటాయి, కాబట్టి కొద్దిపాటి అరుగుదల మామూలే. ఒక్కవైపే బాగా అరిగి, హ్యాండిల్ చివరా, క్రాష్ గార్డూ అదే వైపు గీరుకుని ఉంటే బండి పడిందని అర్థం. ముందు ఫోర్కుల మీద చమురు మరకుంటే సీళ్లు పోయినట్టే. క్రోమ్ అంచుల్లో, స్పోకుల మొదళ్లలో తుప్పు చూడండి. అదనపు లైట్లు బిగించి ఉంటే సీటు తీయించి వైరింగ్ చూడండి, టేపు చుట్టిన జాయింట్లు ఎక్కువుంటే ధర తగ్గించమనాలి లేదా వదిలేయాలి. సైలెన్సర్ మార్చి ఉంటే కంపెనీది ఉందా అని అడగండి. ఇంటి అటక మీద ఉందంటే బేరం కుదిరే ముందే తెప్పించుకుని బండితోపాటు తీసుకోండి.